రెండో అమ్మాయి ఎటు వెళ్ళింది?

పోయిన నగ దొరికితే మనం ఏం చేస్తాం? ముందు కళ్ళకద్దుకుంటాం. ఎదురొచ్చిన వాళ్ళందరికీ చెప్పుకుంటాం. ఆ సంబరం కాస్త తగ్గాక కంసాలి దగ్గరకి పట్టుకెళ్ళి తూకం వేయిస్తాం. రాళ్ళన్నీ వున్నాయా, కొక్కెం విరిగిందా అని చూసుకుంటాం. పోయిన సినిమాలు దొరికినప్పుడు మాత్రం ఈ రెండో పని చేసేవాళ్ళు తక్కువ. దొరికిందన్న ఆనందంలోనే అద్భుతం, అమోఘం అనేస్తారు. దొరికినందుకు మెచ్చుకోవటం వేరు, బావున్నందుకు మెచ్చుకోవటం వేరు. ఇవాళ నేను చెప్పబోయే సినిమా ఏళ్ళ తరబడి కనబడకుండా పోయి మళ్ళీ దొరికినది. దాన్ని ఒకసారి త్రాసులో వేసి చూడాలనిపించింది.

సినిమా పేరు ‘ది స్మైలింగ్ లెఫ్టినెంట్’. 1931లో పారమౌంట్ కంపెనీ తీసింది. దర్శకుడు ఎర్నెస్ట్ లూబిచ్. ఆయన బెర్లిన్‌లో ఒక దర్జీ కొడుకు. 1922లో అమెరికా చేరి, మొగుడూ పెళ్ళాల చిక్కులని కంటితుడుపు లేకుండా, కసరకుండా, నవ్వుతూ చెప్పటం ఎలాగో అక్కడివాళ్ళకి చూపించాడు. సినిమాలకి మాటలొచ్చిన కొత్తలో, కెమెరాని ఒక గాజు గదిలో పెట్టి నటులని మైకు చుట్టూ నిలబెట్టి పాడించుకుంటున్న రోజుల్లో, ఈయన పాటలతో కూడిన హాస్యచిత్రాలని హాయిగా కదిలేటట్టు తీశాడు. అలా తీసిన వాటిల్లో ఇది మూడోది. న్యూయార్కులోని ఆస్టోరియా స్టూడియోలో, వియన్నా నగరమంతా అట్టలతో, రంగులతో కట్టి తీశారు. ఆ సంవత్సరం ఉత్తమ చిత్రం ఆస్కార్‌కి పోటీపడిన ఎనిమిదింటిలో ఇదొకటి. బహుమతి ‘గ్రాండ్ హోటల్’కి వెళ్ళిందనుకోండి. చెప్పేదేమిటంటే, ఇది మూలన పడిపోవలసిన సినిమా ఎంతమాత్రం కాదు. జనం చూశారు, డబ్బొచ్చింది, పేరొచ్చింది. అయినా పోయింది.

ఎలా పోయిందో తరవాత చెబుతాను. ముందు కథ చెప్పాలి, ఎందుకంటే మీలో చాలామంది చూసి వుండరు.

వియన్నాలో నికీ అనే కుర్ర సైనికాధికారి. మారిస్ షెవాలియే వేశాడు. ఫ్రాన్సు వాడు, ఇంగ్లీషు మాట్లాడితే ప్రతి మాటకీ ఫ్రెంచి తాలింపు పడుతుంది. కథలో మాత్రం ఆస్ట్రియా వాడు. అదెలా అని సినిమాలో ఎవరూ అడగరు, మనమూ అడగం. ఇతని గుమ్మం దగ్గరే సినిమా మొదలవుతుంది. బట్టలు కుట్టిన దర్జీ బాకీ కోసం వచ్చి గంట కొడతాడు. తలుపు తెరుచుకోదు. అతను ఉసూరుమంటూ మెట్లు దిగుతుంటే ఒక పడుచుపిల్ల ఎక్కుతుంది. ఆమె తట్టగానే తలుపు తెరుచుకుంటుంది. మెట్ల దగ్గర దీపం వెలుగుతుంది. దీపం ఆరేసరికి తెల్లవారి వుంటుంది, పిల్ల దిగి వెళ్ళిపోతుంది. ఒక్క మాట లేదు. మనిషెలాంటివాడో, జేబు ఎలాంటిదో, నీతి ఎలాంటిదో, అన్నీ ఒక తలుపు చెప్పేసింది. దర్జీ కొడుకు తీసిన సినిమాలో మొట్టమొదట మోసపోయింది దర్జీయే కావటం నాకు భలే నచ్చింది.

తరవాత నికీ స్నేహితుడు మాక్స్ వస్తాడు. పెళ్ళయినవాడు. వియన్నాలో ఆడవాళ్ళే వాయించే ఒక వాద్యబృందం వుంది, దాని నాయకురాలు ఫ్రాంజీ వయొలిన్ వాయిస్తుంది, ఆమె మీద తనకి మనసయింది, కాస్త తోడు రా అంటాడు. తోడు వెళ్ళినవాడే ఎగరేసుకుపోతాడని మీకీ పాటికి తెలిసిపోయే వుంటుంది. ఫ్రాంజీగా క్లాడెట్ కోల్బేర్. మూడేళ్ళ తరవాత ‘ఇట్ హాపెండ్ వన్ నైట్’తో ఆస్కార్ తెచ్చుకోబోయే మనిషి. ఆ రాత్రి అతను పియానో, ఆమె వయొలిన్. ఇంటికి వెళ్ళాలంటుంది ఆమె. మళ్ళీ కలిసినప్పుడు ముందు టీ, ఆ తరవాతెప్పుడో రాత్రి భోజనం, ఆ పైన కావాలంటే పొద్దుటి ఫలహారం అని వరస పెడుతుంది. తెర మారేసరికి పెనం మీద కోడిగుడ్లు వేగుతుంటాయి. టీ, భోజనం రెండూ ఎగిరిపోయాయన్నమాట.

ఈ పొద్దుటి ఫలహారాన్ని మనసులో పెట్టుకోండి. సినిమా అంతా దాని మీదే నిలబడింది.

ఇంతలో ఫ్లౌజెన్‌తుర్మ్ అనే చిన్న రాజ్యం నుంచి రాజూ, ఆయన కూతురు ఆనా వియన్నా వస్తారు. వీధిలో సైన్యం బారు తీరి వుంటుంది. నికీ బారులో నిలబడి, ఎదుటి పక్క జనంలో వున్న ఫ్రాంజీని చూసి నవ్వుతాడు, కన్ను కొడతాడు. సరిగ్గా ఆ క్షణంలో ఇద్దరికీ మధ్యగా రాజకుమారి బండి వెళుతుంది. ఫ్రాంజీ కోసం బయల్దేరిన నవ్వు ఆనాకి తగులుతుంది. తనని హేళన చేశాడని రాజకుమారికి ఒళ్ళు మండిపోతుంది. నికీని పిలిపిస్తే తప్పించుకోటానికి, తమ అందం చూసి నవ్వకుండా వుండలేకపోయానంటాడు. జన్మలో ఎవరూ ఆమెతో ఆ మాట అని వుండరు. ఆ ఒక్క అబద్ధానికి పాపం ఆ పిల్ల కరిగి నీరయిపోతుంది. చేసుకుంటే ఇతన్నే అంటుంది. రాజాజ్ఞ. పెళ్ళయిపోతుంది.

ఆనాగా వేసిన మిరియం హాప్‌కిన్స్‌కి ఇది రెండో సినిమా. చూడండి ఆమెని! బిగించి కట్టిన జడలు, మెడ దాకా మూసిన బట్టలు, అన్నిటికన్నా ఆ కళ్ళు. అన్నీ వుండి ఏమీ తెలియని పిల్ల కళ్ళు. మనమంతా చూశాం అలాంటి పిల్లల్ని. పెద్దింటి పిల్లలు, ఒంటరిగా పెరిగినవాళ్ళు, పెళ్ళిపీటల మీద కూర్చునేవరకూ ఒక్కళ్ళూ ఏదీ చెప్పని పిల్లలు. హాప్‌కిన్స్ ఆ అమాయకత్వాన్ని వెక్కిరించదు. పెళ్ళి రాత్రి నికీ మర్యాదగా శుభరాత్రి చెప్పేసి తన గదికి వెళ్ళిపోతే, ఆ పిల్ల మొహంలో కోపం రాదు, అర్థంకాకపోవటం వస్తుంది. అది చూస్తే నవ్వూ వస్తుంది, గొంతులో ఏదో అడ్డమూ పడుతుంది. ఆ తరవాతి రాత్రులు తండ్రితో చెక్కర్స్ ఆడుకుంటూ గడుస్తాయి. కొత్త పెళ్ళికూతురూ తండ్రీ, మధ్యలో గళ్ళ పలక! ముసలి రాజుగా జార్జ్ బార్బియర్ చాలా బావున్నాడు. అల్లుడితో ఈ విషయం ఎలా కదపాలో తెలీక ఆయన పడే అవస్థ మన ఇళ్ళల్లో మామగార్లందరిదీ.

నిజం చెప్పాలంటే సినిమాలో మొదటి సగం నాకు అంత గొప్పగా అనిపించలేదు. షెవాలియే చలాకీ మనిషి, కాదనను. కానీ అతని చలాకీతనం మీద అతనికే మరీ నమ్మకం ఎక్కువ. పాట పాడుతూ కెమెరా వైపు తిరిగి మనకి కన్ను కొడుతుంటే, రెండోసారికి చాల్లే బాబూ అనిపిస్తుంది. ఆస్కార్ స్ట్రౌస్ సంగీతం వినసొంపుగానే వుంటుంది. 1907లో ఆయన కూర్చిన వియన్నా సంగీత నాటకమే ఈ కథకి మూలం. అయినా సైన్యంలో ప్రేమ గురించి ఇతను పాడే పాట కన్నా, పాట అయ్యాక తలుపులు మూసుకోవటమే ఎక్కువ సంగీతంగా వుంది.

అసలు సినిమా రెండో సగంలో వుంది, ఇద్దరాడవాళ్ళు ఒక గదిలో కలుసుకున్నాక.

ఫ్రాంజీ తన బృందంతో ఫ్లౌజెన్‌తుర్మ్ వస్తుంది. నికీ రాత్రుళ్ళు ఆమె దగ్గరకి వెళ్ళటం మొదలవుతుంది. ఆనాకి తెలుస్తుంది. ఫ్రాంజీని కోటకి రప్పిస్తుంది. ఇక్కడ మన కథల్లో అయితే ఏం జరగాలి? ఒకటి, భార్య ఆమె కాళ్ళమీద పడి పసుపుకుంకాలు అడుక్కోవాలి. లేదా నిప్పులు కురిపించి గెంటించెయ్యాలి. మూడో దారి మనకి లేదు. లూబిచ్ ఏం చేశాడంటే, మాటా మాటా పెరిగి ఒకరినొకరు చెంపదెబ్బలు కొట్టుకునేటట్టు చేశాడు. అటొకటి, ఇటొకటి, లెక్క సరిపోయింది. ఆ వెంటనే ఇద్దరూ మంచం మీద పడి భోరున ఏడుస్తారు. ఒకే మగవాడి కోసం ఒకే మంచం మీద పక్కపక్కనే పడి ఏడ్చే ఇద్దరాడవాళ్ళని చూసి నేను నవ్వటం మొదలుపెట్టి, ఎప్పుడు మానేశానో నాకే తెలియలేదు.

ఏడుపయ్యాక ఫ్రాంజీ ఆ పిల్ల వైపు చూస్తుంది. శత్రువు కనబడలేదు. పెంపకం తక్కువైన పిల్ల కనబడింది. పియానో వాయించమంటుంది. ఆనా ముసలమ్మలు వాయించే పాటేదో వాయిస్తుంది. అయ్యో రాత అనుకుని, నీ లోబట్టలు చూపించు అంటుంది. (ఈ పత్రికలో ఆ మాట రాయొచ్చా అని సందేహించాను. బట్టలారేసే తీగ మీద లేని రహస్యం పత్రికలో మాత్రం ఎందుకు!) చూపిస్తే అవి అమ్మమ్మల కాలం నాటి గోనెసంచులు. అప్పుడు ఫ్రాంజీ పియానో ముందు కూర్చుని హుషారైన జాజ్ పాట అందుకుంటుంది. అసలు మారాల్సింది లోపల వేసుకునేవి, తక్కినవి వాటంతటవే మారతాయి అన్నది ఆ పాట సారాంశం. పాట సాగుతుండగా పాతబట్టలు పొయ్యిలోకీ, కొత్త పట్టు తళుకులు పెట్టెలోకీ వెళుతుంటాయి. దర్జీ కొడుకు అని ఇందాక వూరికే చెప్పలేదు. మనసు మారటాన్ని బట్టల్లో చూపించటం ఆయనకి పుట్టుకతో వచ్చిన విద్య.

ఆ తరవాత ఫ్రాంజీ వెళ్ళిపోతుంది. పొద్దుటి ఫలహారంతో మొదలుపెట్టిన ఆడపిల్లలు రాత్రి భోజనం దాకా మిగలరన్న అర్థం వచ్చే మాట ఒకటి అంటుంది. నవ్వుతూనే అంటుంది. తలుపు దాటి వెళుతుంది. కెమెరా ఆమె వెనక వెళ్ళదు.

నికీ కోటకి వస్తాడు. జాజ్ వినబడుతుంది. పియానో ముందు ఆనా, జుట్టు మారింది, పెదాల మధ్య సిగరెట్, ఒంటిమీద లేసు. తన కళ్ళని తానే నమ్మలేక అతను పడే హైరానా షెవాలియే ఈ సినిమాలో చేసిన అతి మంచి పని. ఆమె మళ్ళీ ఆ గళ్ళ పలక తెచ్చి మధ్యలో పెడుతుంది. అతను విసిరేస్తాడు. అది ఎగిరెగిరి ఆఖరికి మంచం మీద పడుతుంది. తలుపు మూసుకుంటుంది. శుభం.

చూసినవాళ్ళు చాలామంది దీన్ని తేలిక సరుకు కింద కట్టేస్తారు. లూబిచ్ మరుసటి ఏడాది తీసిన ‘ట్రబుల్ ఇన్ పారడైజ్’ ముందు ఇదెంత అంటారు. అది గొప్పదే. అందులోనూ హాప్‌కిన్స్ వుంది. ఆడవాళ్ళు చూసినా ఒక అభ్యంతరం రావటం న్యాయం. భార్య ఉంపుడుగత్తెలా తయారైతే తప్ప మొగుడు ఇంటిపట్టున వుండడా, ఇదేం నీతి, అని మీరడుగుతారు. లోబట్టలు మార్చుకుంటే కాపురాలు నిలబడేటట్టయితే బట్టలకొట్టు వాళ్ళే పెళ్ళిళ్ళు చేయిస్తారు కదా! ఈ అభ్యంతరం నాకూ వచ్చింది. మళ్ళీ చూశాక అది సగమే నిజమనిపించింది.

ఎందుకంటే నికీ వచ్చేసరికే ఆనా సంతోషంగా వుంది. ఆ మొహం చూడండి. అతని కోసం ముస్తాబై ఎదురుచూసే మొహం కాదది. మొదటిసారి తనకి నచ్చిన పాట తను వాయించుకుంటున్న పిల్ల మొహం. అతను వచ్చినా గబుక్కున లేవదు. మొదటి సగమంతా ఇతరులు ఆడిస్తే ఆడిన పిల్ల, ఆ గళ్ళ పలకని తన చేత్తో తెచ్చి, ఆట ఎప్పుడు మొదలవాలో తనే నిర్ణయిస్తోంది. ఫ్రాంజీ నేర్పింది మొగుణ్ణి పట్టుకోవటం ఒక్కటే అనుకుంటే ఆ పాఠం చవకబారుది. తన ఒళ్ళు తనదని, తన సంతోషం సిగ్గుపడవలసింది కాదని ఒక ఆడది ఇంకో ఆడదానికి చెప్పటం వుందే, 1931లో అది తల్లులు కూడా చెప్పని మాట. ఆ తరవాతా ఎందరు చెప్పారు?

త్రాసు రెండో పళ్ళెంలో ఏముందంటే, ఫ్రాంజీ.

ఆమె ఎవరనుకున్నారు? సొంతంగా సంపాదించుకుంటోంది. ఒక బృందాన్ని నడుపుతోంది. ఊళ్ళు తిరుగుతుంది. ఎవరి దయమీదా లేదు. సినిమాలో చదువూ సంస్కారం, హాస్యం, జాలి, అన్నీ వున్న ఒకే ఒక్క మనిషి ఆమె. నికీని ఇద్దరిలో ఎవరు నిజంగా ఎరుగుదురంటే ఆమే. అంతటి మనిషిని కథ ఏం చేసిందంటే, తన విద్య అంతా ఆ పిల్లకి ఒంటబట్టించి, తలుపు దాటించి పంపేసింది.

సీరియల్ రాసేవాళ్ళకి ఈ ఇబ్బంది బాగా తెలుసు. కథలో ఇద్దరమ్మాయిలున్నప్పుడు, ముప్ఫయ్యో వారం వచ్చేసరికి ఒకమ్మాయి మిగిలిపోతుంది. ఆమెని ఏం చెయ్యాలి? వెనకటి రోజుల్లో క్షయ వుండేది. తరవాత రైలు ప్రమాదం. ఆ పైన విదేశాల్లో ఉద్యోగం, కాకపోతే అనాథ శరణాలయంలో పిల్లల సేవ. పాఠకులు ఆ అమ్మాయినే ఎక్కువ ప్రేమిస్తారు. ఉత్తరాలన్నీ ఆమె గురించే వస్తాయి. అయినా పెళ్ళి ఇంకో అమ్మాయికే జరగాలి, ఎందుకంటే ఆమెకి ముందే తాళి పడింది. గురజాడవారి మధురవాణి గుర్తొస్తుందా? ‘కన్యాశుల్కం’లో అందరి చిక్కుముళ్ళూ విప్పేది ఆమె, చివరికి ఒంటరిగా వెళ్ళిపోయేదీ ఆమే. తెలివితేటలున్న ఆడదాన్ని రచయితలు సృష్టించగలరు గానీ ఆమెకి ఇల్లు చూపించలేరు. వియన్నా అయినా విజయనగరం అయినా ఈ ఒక్క విషయంలో తేడా లేదు.

లూబిచ్‌కి ఈ సంగతి తెలుసు. తెలిసే చేశాడు. అందుకే ఆమె వెళ్ళే ఘట్టంలో సంగీతంతో గోల చెయ్యలేదు, కన్నీళ్ళు పెట్టించలేదు. కోల్బేర్ ఆ మాట అని, నవ్వి, నడుచుకుంటూ వెళ్ళిపోతుంది. ఆ నడకలో ఓడిపోయినదాని వంగుబాటు లేదు, త్యాగం చేసినదాని బింకమూ లేదు. పని అయ్యాక కచేరీ నుంచి వెళ్ళిపోయే వాద్యగత్తెలాగా వెళ్ళింది. అంత బాగా వెళ్ళటం వల్లే, తరవాత వచ్చే శుభం కాస్త చప్పబడుతుంది. మంచం మీద పడ్డ గళ్ళ పలకని చూసి నవ్వుతాం. నవ్వుతూనే, ఆ అమ్మాయి ఈపాటికి ఏ బండి ఎక్కి వుంటుందో అనుకుంటాం. ఇది సినిమాలో లోపమా అంటే లోపమే. కథ తన మంచి పాత్రకి అన్యాయం చేసింది. ఆ అన్యాయాన్ని కప్పిపుచ్చకుండా మన కంటబడనిచ్చింది కాబట్టి నేను క్షమిస్తాను.

ఇంక, ఇది ఎలా పోయిందో చెప్పాలి. 1934 జూలై నుంచి హాలీవుడ్‌లో నీతి నియమావళి గట్టిగా అమల్లోకి వచ్చింది. నియమాలు 1930లోనే రాశారు గానీ నాలుగేళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకోవటం మొదలుపెట్టాక పాత సినిమాలు మళ్ళీ ఆడించాలంటే అనుమతి ముద్ర పడాలి. పెళ్ళి కాకుండా పొద్దుటి ఫలహారం చేసినవాళ్ళకి శిక్షపడని సినిమాకి ముద్రెవరు వేస్తారు? ఫ్రాంజీ ఏ జబ్బో చేసి చచ్చిపోయివుంటే వేసేవారేమో! దానికితోడు మూల నాటకం హక్కుల చిక్కులు. ఇదే నాటకాన్ని 1925లో జర్మనీలో మూకీగా కూడా తీసి వున్నారు. పారమౌంట్ వాళ్ళు 1958లో తమ పాత సినిమాల మూటని ఎమ్.సి.ఏ. కంపెనీకి అమ్మేశారు. ఇలా చేతులు మారుతూ, ఎక్కడా ఆడకుండా, సినిమా కనుమరుగైంది. షెవాలియే పాటలు తెలిసినవాళ్ళున్నారు, లూబిచ్ మీద పుస్తకాలు రాసినవాళ్ళున్నారు. సినిమా మాత్రం లేదు. ఆఖరికి డెన్మార్క్‌లో ఒక ప్రింటు బయటపడింది.

2008లో క్రైటీరియన్ వాళ్ళు ‘ఎక్లిప్స్’ వరసలో, లూబిచ్ పాటల సినిమాల్లో నాలుగింటిని ఒక పెట్టెలో పెట్టి డీవీడీగా తెచ్చారు. నా దగ్గరున్నది అదే. ఇంటర్వ్యూలు, వ్యాఖ్యానాలు, హంగులేమీ లేవు. బొమ్మ అక్కడక్కడా మసకగా వుంటుంది, వెనకాల చినుకుల చప్పుడు లాంటి గర వినిపిస్తుంది. మొదట కాస్త విసుగ్గా వున్నా పది నిమిషాల్లో అలవాటవుతుంది.

ఇంట్లో చూడటంలో ఒక సుఖముంది. 1931లో ఈ సినిమాకి వెళ్ళిన ఆడవాళ్ళు పక్కన మొగుడో, అత్తగారో వుండగా, చీకట్లో, నలుగురూ నవ్వాక నవ్వివుంటారు. ఒకసారి దాటిపోయిన దృశ్యం మళ్ళీ రాదు. మధ్యాహ్నం పని తెమిలాక ఇంట్లో ఒంటరిగా కూర్చుని చూస్తే వేరే సినిమా కనబడుతుంది. ఆ ఊరేగింపు దృశ్యాన్ని నేను ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ చూశాను. థియేటర్లో నవ్వు మీదే కళ్ళుంటాయి. ఆపి చూస్తే, నికీ చూపు బయల్దేరిన గీత మీదే ఇద్దరాడవాళ్ళూ వున్నారని తెలుస్తుంది. ఒకామె వెనక ఒకామె. ఒకరికొకరు తెలియదు. అతని నవ్వు ఇద్దరినీ ఒకే దారంతో గుచ్చింది. వాళ్ళిద్దరూ ఎదురెదురుగా నిలబడటానికి ఇంకో గంట పడుతుంది. సినిమా పేరులో వున్నది సైనికాధికారి గానీ, దారం పొడుగునా వున్నది వాళ్ళిద్దరే.

డెన్మార్క్‌లో ఎవరో ఒక ప్రింటు పారెయ్యకుండా వుంచబట్టి కదా ఈ మాట చెప్పగలుగుతున్నాను. ఇది విడుదలైన ఏడాదే, 1931 మార్చి 14న, బొంబాయిలో మన మొదటి టాకీ ‘ఆలం ఆరా’ వచ్చింది. ఆ పైఏడు మన తెలుగు ‘భక్త ప్రహ్లాద’. రెండూ ఇవాళ చూద్దామంటే లేవు. ప్రింట్లు మిగల్లేదు. ఆ రోజుల ఫిల్మ్ నైట్రేటు సరుకు, ఇట్టే అంటుకుంటుంది, అంటుకోకపోతే పొడిపొడి అయిపోతుంది. ‘భక్త ప్రహ్లాద’లో లీలావతిగా సురభి కమలాబాయి ఎలా నడిచిందో, పాడేటప్పుడు చెయ్యి ఎలా తిప్పిందో మనకి ఫోటోలే చెప్పాలి. కోల్బేర్ ఎలా నడిచి వెళ్ళిందో వంద పేరాలు రాయొచ్చు గానీ, తొంభై ఏళ్ళ నాటి మన ఆడవాళ్ళ నడక గురించి ఒక్క వాక్యం రాయటానికి ఆధారం లేదు. ఈ సినిమా చూస్తున్నప్పుడు నాకు కలిగిన అసూయ అదొక్కటే.

చివరిగా త్రాసు ఏం చెప్పిందంటే, బంగారం మేలిమిదే, ఒక రాయి మాత్రం లేదు. ఆ రాయి పోయింది డెన్మార్క్ దారిలో కాదు, చేసిననాడే పొదగలేదు.

మీకు ఆ పెట్టె దొరికితే ముందు దీన్నే చూడండి. తరవాత ‘వన్ అవర్ విత్ యూ’ (1932). అందులో షెవాలియే పెళ్ళాన్ని నిజంగా ప్రేమించే డాక్టరు, పెళ్ళాం జెనెట్ మెక్‌డొనాల్డ్, పెళ్ళాం స్నేహితురాలేమో మొగుడి వెంటపడుతుంది. అక్కడ ఎవరూ ఎటూ వెళ్ళిపోరు, అందరూ అక్కడే వుండి ఇబ్బంది పడతారు. ‘ది లవ్ పెరేడ్’లో రాణిని చేసుకుని ఏ పనీ లేక కూర్చున్న మొగుడి ఏడుపు వుంది, మగవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని చూడాల్సింది అది. ఈ ‘లెఫ్టినెంట్’ని మాత్రం ఇంట్లో ఎవరూ లేనప్పుడు చూడండి. ఆనా గదిలోకి ఫ్రాంజీ వచ్చేటప్పటికి పొయ్యిమీద పాలేవీ పెట్టకండి.